మేనల్లుడి రాకెట్టు, మా పెదనాన్న ధర

మా బరంపురంలో పట్టుచీర కొనడానికి వెళ్ళిన ఆడవాళ్ళు గుడి శిఖరాల ఆకారంలో నేసే ఫోడా కుంభ అంచును వేళ్ళతో తడిమి, మడత విప్పించి, వెలుతురులో పట్టి చూస్తే గాని బేరం మొదలుపెట్టరు. అలాంటి మా ఇంట్లోనే, అమెరికాలో చదువుకుంటున్న మేనల్లుడికి, మూసిన గదిలో బంతిని గోడకు కొట్టి ఆడే రాకెట్‌బాల్ ఆటకు వాడే రాకెట్టు (బ్యాటు) బహుమతిగా ఇద్దామనుకున్నప్పుడు, "అన్నిటికంటే ఖరీదైనది చూడరా" అని మా పెదనాన్న ఒక్క మాటతో తేల్చేశారు. నా అభ్యంతరమంతా ఆ మాట మీదే.

ముందుగా ఇక్కడి దుకాణంలో విచారిస్తే, ఎంతో ధీమాగా స్క్వాష్ అనే వేరే ఆట రాకెట్టు చేతిలో పెట్టారు. అది 27 అంగుళాల పొడవుంటుంది; రాకెట్‌బాల్ నియమాల ప్రకారం 22 అంగుళాలు మించకూడదు. 1950లో అమెరికాలోని గ్రెనిచ్ పట్టణంలో జో సోబెక్ ఈ ఆటకు రూపమిచ్చినప్పుడే దీనికి పొట్టి పిడి రాకెట్టు ఏర్పడింది.

ధర తెలిసినంత మాత్రాన బరువు తెలియదు. సుమారు 150 నుంచి 185 గ్రాముల మధ్య ఉండే ఈ రాకెట్లలో బరువైనది కొత్తవాడి దెబ్బకు తనంత తానే బలం చేకూరుస్తుంది, తేలికైనది మణికట్టును చురుకుగా తిప్పగలవాడికే లొంగుతుంది. కాబట్టి ఆరితేరినవారి కోసం చేసిన ఖరీదైన తేలిక రాకెట్టు, ఆరు నెలల కిందట ఆట మొదలుపెట్టిన కుర్రవాడికి సాయపడకపోగా భుజాన్ని నొప్పిపెట్టవచ్చు. పిడి చుట్టుకొలత సంగతీ అంతే: లావైన పిడి చిన్న చేతిలో మణికట్టును తిరగనివ్వదు. ఇవన్నీ ఆశ్చర్యపరచాలన్న సరదాతో రహస్యంగా తేల్చగలిగేవి కావు.

అందుకే వాడికే ఫోన్ చేశాను. "మావయ్యా, క్లబ్బులోది 175 గ్రాములు, అదే నాకు హాయిగా ఉంది, పిడి మాత్రం సన్నగా కావాలి" అన్నాడు. ఆటలో కంటికి రక్షణగా పెట్టుకునే అద్దాలున్నాయా అని అడిగితే నవ్వాడు. నాలుగు గోడలు, కప్పు కూడా ఆటలో భాగమైన మూసిన గదిలో, బంతి ఎటునుంచి కంటికి తగులుతుందో ఎవరు చెప్పగలరు?

మధ్యరకం రాకెట్టు, మిగిలిన డబ్బుతో కంటి రక్షణ అద్దాలు, రెండూ అక్కడే వాడి చిరునామాకు చేరేలా ఆర్డరు పెట్టాను. పెదనాన్న మాత్రం ఇప్పటికీ రాకెట్టు ఒక్కదాని ధర ఎంతో చెప్పమంటున్నారు. నేను బరువు చెబుతున్నాను.