త్యాగరాజు కీర్తనకు ఓనరెవరండీ?

మొన్న ఆదివారం మైలాపూరులో మా ఇంట్లోనే మా అమ్మాయి వీణ మీద త్యాగరాజ కీర్తన వాయిస్తే ఫోన్‌లో తీసి నెట్‌లో పెట్టాను. మధ్యలో కుక్కర్ విజిల్ కూడా వినిపిస్తుంది! గంట తిరక్కుండానే కాపీరైట్ క్లెయిమ్. ఆ పాట ఏదో కంపెనీదట! ఎలా అవుతుంది? ఆయన పోయిందే 1847లో. మన చట్టంలో రచయిత పోయాక హక్కు ఉండేది 60 ఏళ్లే. వాళ్ల రికార్డింగ్ వాళ్లదే, కాదనను. మా పిల్ల వాయించింది కూడా వాళ్లదేనా?

అదే కొత్త సినిమా రిలీజైన రాత్రికే మా అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో మొత్తం తిరుగుతోంది. పైరసీకి 3 ఏళ్ల దాకా జైలని 2023లో చట్టం సవరించారు. ఎవడికి భయం? ఒళ్లు మండిపోతోంది. పిల్ల వీడియో ఇంకా మ్యూట్‌లోనే ఉంది. నెల్లూరులో వాళ్ల అమ్మమ్మ రోజూ అడుగుతోంది, వీణ వినపడట్లేదేంటని.