ముప్పావు వంతు తగ్గింపు, పావు వంతు ప్రాణం

పోయిన ఏడాది సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో నేను 330 డాలర్లు సంపాదించాను. జీతం కాదు, షేర్లూ కాదు. మొక్కలు. సగటున 40 డాలర్ల మొక్క 10 డాలర్లకే వచ్చింది. అంటే మొక్కకు 30 మిగులు. అలాంటివి 11 కొన్నాను. మా ఆవిడ మాత్రం ఇదే లెక్కను అటు నుంచి వేసి, 110 డాలర్లు పోయాయంటుంది. బీకాం చదివినవాళ్ళతో ఇదే ఇబ్బంది.

మేముండేది న్యూజెర్సీలో. ఇక్కడ అమాయకులు మే నెలలో మొక్కలు కొంటారు. నిండా పూలుంటాయి, నిండా ధర ఉంటుంది. ఎరిగినవాడు సెప్టెంబరు మొదట్లో వచ్చే లేబర్ డే సెలవు దాటేదాకా ఓపిక పడతాడు. అప్పుడు నర్సరీ ముందు వాకిట్లో గుమ్మడికాయలూ చామంతులూ బారులు తీరి ఉంటాయి. వాటివైపు చూడకూడదు. తిన్నగా వెనక్కి, ఎరువు బస్తాల పక్కకి పోవాలి. వేసవంతా ఎవరూ కొనని మొక్కలు అక్కడ చక్రాల బల్లల మీద పసుపు స్టిక్కర్లు అంటించుకుని నిలబడి ఉంటాయి. మొదట 25 శాతం తగ్గింపు. రెండు వారాలాగితే 50. ఇంకా ఆగితే 75. ఈలోగా మొక్క కూడా అదే వరసలో ఎండుతూ వస్తుంది. ధర దిగింది, ప్రాణం ఇంకా పోలేదు అన్న ఘడియ ఒకటుంటుంది. దాన్ని పట్టుకోవడమే ఈ విద్య. మనవాళ్ళు ఎక్కువగా ఉండే ఎడిసన్ ఊళ్ళో అన్నిటికీ ముహూర్తాలు పెట్టే పంతుళ్ళున్నారు కానీ, దీనికి మాత్రం పంచాంగం తెరిచేది లేదంటారు.

ఇదంతా పిసినారితనం అనుకునేవాళ్ళు ఉంటారు. వాళ్ళ కోసం కాస్త శాస్త్రం. ఆకురాలు కాలంలో గాలి చల్లబడుతుంది కానీ నేలలో వెచ్చదనం ఇంకా ఉంటుంది. పైన ఆకుల్నీ పూలనీ పోషించే పని తగ్గి, మొక్క తన బలమంతా వేర్ల మీద పెడుతుంది. నేల గడ్డకట్టడానికి ఆరు వారాల ముందు నాటితే చాలు, పొదలూ ఏటేటా చిగిర్చే మొక్కలూ నిలదొక్కుకుంటాయి. కాబట్టి పైన రూపం చూసి కొనడం తెలివితక్కువ పని. పశువుల సంతలో ఎద్దు పళ్ళు చూసినట్టు, ఇక్కడ కుండీ వంచి వేర్లు చూడాలి. తెల్లగా గట్టిగా ఉంటే బతికున్నట్టు. నల్లగా మెత్తబడితే దండం పెట్టి వచ్చేయడమే. కుండీ లోపల చాపచుట్టలా చుట్టుకుపోయి ఉంటే భయం లేదు, నాటేటప్పుడు కత్తితో నాలుగు వైపులా గాట్లు పెడితే కొత్త వేర్లు వేస్తుంది. నేను ఇలా ఇరవై కుండీలు తలకిందులు చేసి చూస్తుండగా దుకాణం కుర్రాడొకడు వచ్చి, ఏమైనా పోగొట్టుకున్నారా అని మర్యాదగా అడిగాడు.

ఆ బల్ల మీదే దొరికింది నా మందారం. ఇక్కడ దాన్ని రోజ్ ఆఫ్ షారన్ అంటారు. మన మందారానికి దాయాది, మంచును తట్టుకునే రకం. ఆకులు సగం రాలి, మిగిలిన సగం రాలడానికి సిద్ధంగా ఉన్నాయి. పక్కనే మూడు హైడ్రాంజియాలు, నాలుగు హోస్టాలు, మరో మూడు పేరు చీటీ ఊడిపోయిన పుల్లలు. పేరు లేనివాటినీ వదల్లేదు. దిక్కులేనివాళ్ళను చేరదీస్తే పుణ్యం, అందులోనూ 75 శాతం తగ్గింపుతో.

బల్లలు ఖాళీ అవుతున్న రోజుల్లోనే బతుకమ్మ వస్తుంది. మా ఆవిడది కరీంనగర్. నాది గోదావరి జిల్లా, మా ఊళ్ళో బతుకమ్మ లేదు. అయినా తొమ్మిది రోజులకీ పూలు తెచ్చే బాధ్యత నాదే. గునుగు ఇక్కడ దొరుకుతుంది. సెలోసియా అని పేరు పెట్టి, ఎరుపూ పసుపూ కుచ్చులు వేసి, కుండీలో నిలబెట్టి అమ్ముతారు. తెలంగాణ చేలల్లో కలుపని పీకేసే గునుగుదీ దీనిదీ ఒకటే జాతి. ఆ మాట నా పక్కన నిలబడి మా ఆవిడ వీడియో కాల్‌లో చెబితే, మా అత్తగారు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి "గునుగుకు పైసలు పెట్టి కొన్నరా బిడ్డా?" అని మాత్రం అడిగారు. అల్లుణ్ణి నేరుగా ఒక మాట అనకూడదన్న సంప్రదాయం ఎంత గొప్పదో నాకు ఆరోజే తెలిసింది.

చామంతులు కుండీ 2 డాలర్లకు దింపారు. ఆరు తెచ్చాను. సాయంత్రానికల్లా పూలన్నీ కోయించుకుని బతుకమ్మ మెట్లెక్కాయి. మిగిలిన మోళ్ళను నేను శ్రద్ధగా నాటాను. ఒక్కటీ మళ్ళీ రాలేదు. తర్వాత విచారిస్తే తెలిసిందేమంటే, ఈ సీజన్‌లో అమ్మే చామంతి బలమంతా పూలమీదే పెట్టి ఉంటుంది, వేరు పట్టేలోపు చలి వచ్చేస్తుంది. బతికించాలంటే వసంతంలోనే నాటాలట. వసంతంలో తగ్గింపు ఉండదు. కనుక ఆ సలహా పనికిరాదు.

తంగేడు మాత్రం దొరకదు. దానికి ఇక్కడి తెలుగు ఆడవాళ్ళు ఎప్పుడో ఉపాయం కనిపెట్టారు. సెప్టెంబరులో రోడ్ల పక్కన గోల్డెన్‌రాడ్ అనే మొక్క విరగబూస్తుంది. పసుపు రంగే, దూరం నుంచి తంగేడే. మా ఆవిడ, ఆమె స్నేహితురాళ్ళూ ఒక కారు డిక్కీ నిండా కోసుకొచ్చారు. పైసా ఖర్చు లేదు. ఆ పద్ధతి నాకు నచ్చలేదు. ఊరికే వచ్చినదాని మీద ఎంత శాతం ఆదా అయిందో ఎలా లెక్కేస్తాం? అందుకని మర్నాడు నర్సరీకి వెళ్ళి, అదే గోల్డెన్‌రాడ్‌ను కుండీలో సగం ధరకు కొనుక్కొచ్చి లెక్క సరిచేశాను.

గోతులు తవ్వడం గురించి ఎక్కువ చెప్పను, నడుముకు గుర్తొస్తుంది. ఇక్కడ పార పట్టే ముందు 811కి ఫోన్ చేయాలి. వాళ్ళొచ్చి భూమిలో గ్యాసూ కరెంటూ ఎక్కడెక్కడ పోతున్నాయో రంగుల గీతలు గీసి, చిన్న జెండాలు పాతి వెళతారు. ఉచితం. ఆ జెండాలు చూసి పక్కింటాయన మేం ఈతకొలను కట్టిస్తున్నామనుకున్నాడు. నేను కాదనలేదు. కంపోస్టు బస్తాలకు 48, పారకు 35, పైన కప్పే చెక్కపొట్టుకు 20, చేతి తొడుగులకు 12. మొత్తం 115 డాలర్లు. ఇది మొక్కల ఖాతాలోకి రాదు. ఇంటి ఖర్చు.

మా బాబాయికి కడియం దగ్గర నర్సరీ ఉంది. ఆ చుట్టుపక్కల ఊళ్ళకు ఊళ్ళు మొక్కలే పంటగా బతుకుతాయి. అక్కణ్ణుంచి లారీలెక్కి దేశమంతా పోతాయి. నాటిన సాయంత్రం గర్వంగా వీడియోలో చూపించాను.

"ఒరేయ్, ఇది చచ్చిపోయింది కదరా."

"లేదు బాబాయ్, చలికాలం కదా, నిద్రపోతోంది."

"దీనికి నువ్వు డబ్బులిచ్చావా, తీసుకెళ్ళమని వాళ్ళే నీకిచ్చారా?"

ఫోన్ పక్కకి తిప్పి ఎవరినో పిలిచాడు, "ఇటు రండర్రా, అమెరికావోడి తోట చూద్దురు గాని" అని. కడియంలో మొక్క అంటే పచ్చగా ఉండి తీరాలన్న పాతకాలపు నమ్మకం ఇంకా ఉంది.

అయితే ఒక్క మొక్కకు మాత్రం ఈ దేశంలో తగ్గింపనేది లేదు. కరివేపాకు. నారింజ, నిమ్మ తోటల్ని నాశనం చేసే తెగులును మోసే ఒక చిన్న పురుగు దీనిమీద కూడా చేరుతుంది. అందుకని ఫ్లోరిడా, టెక్సాస్, కాలిఫోర్నియాల్లో తెగులు ఆంక్షలున్న చోట్ల నుంచి కరివేపాకు మొక్క కదలాలంటే ఫెడరల్ నిబంధనలు అడ్డొస్తాయి. జానెడు మొక్కను ఒక తెలుగు కుటుంబం దగ్గర 60 డాలర్లకు కొన్నాను. బేరమాడబోతే ఆవిడ నన్ను చూసిన చూపుకి ఇంకో 5 కలిపి ఇచ్చాను. రాత్రి చలి 50 ఫారెన్‌హీట్ (10 సెల్సియస్) కిందికి దిగుతుందనగానే దాన్ని ఇంట్లోకి తేవాలి. ఎండ తగిలే దక్షిణపు కిటికీ దానిదే. గాలి పొడిబారకుండా పక్కన ఒక యంత్రం. అబ్బాయి చదువుకునే బల్ల హాల్లోకి మారింది. కూరలో కరివేపాకులా తీసిపారేశారు అనే మాట ఎవరు పుట్టించారో గానీ, వాళ్ళు చలికాలం న్యూజెర్సీలో గడిపి ఉండరు.

నవంబరు వచ్చేసరికి మొక్కలు అయిపోయి దుంపల వంతు వచ్చింది. తులిప్ దుంపలకు మూడు నెలలకు పైగా చలి తగిలితేనే వసంతంలో పూస్తాయి కనుక ఇప్పుడే పాతాలి. ఒకప్పుడు హాలండ్‌లో ఈ దుంపల్నే జనం ఎగబడి కొని ధరలు ఆకాశానికెత్తితే, 1637 ఫిబ్రవరిలో ఆ బజారు కుప్పకూలింది. వాళ్ళు కూలకముందు కొన్నారు. నేను ధర కూలాకే కొంటాను. ఆ లెక్కన డచ్చివాళ్ళకంటే నేను ఒక ఆకు ఎక్కువే చదివాను. 50 దుంపలు పాతాను. ఉడుతలు నా వెనకే వచ్చి, నేను ఏ వరసలో పాతానో అదే వరసలో తవ్వుకున్నాయి. డాఫొడిల్ అనే ఇంకో పూలమొక్క దుంపల్లో విషం ఉంటుంది, ఉడుత ముట్టుకోదు అని పక్కింటాయన తర్వాత చెప్పాడు. ఈతకొలను విషయంలో నా మీద కోపం ఉన్నట్టుంది, ముందే చెప్పలేదు. ఆ పక్కనే మా ఆవిడ వంటింట్లోని వెల్లుల్లి రెబ్బలు నాలుగు వరసలు గుచ్చింది. అవి మాత్రం జూలైలో పాయలయ్యాయి. వాటిని ఆవిడ ఏ లెక్కలోనూ రాయలేదు.

వసంతం వచ్చింది. హైడ్రాంజియాలు రెండు చిగిర్చాయి. హోస్టాలు నాలుగూ లేచాయి, లేచిన వారానికి జింకలొచ్చాయి. హోస్టా అంటే జింకకి మనకు గోంగూర లాంటిది. పేరు లేని పుల్లలు పేరు లేకుండానే పోయాయి. మే నెల సగమైనా మందారం పుల్ల మీద చిగురన్నది లేదు. ఏప్రిల్ నుంచి రోజూ కాఫీ కప్పుతో వెళ్ళి చూస్తున్నాను. ఇక లాభం లేదని తేల్చుకుని రశీదు తీశాను. ఆ దుకాణంలో పొదలకు ఏడాది హామీ ఉంది, తగ్గింపు సరుకుకు లేదని ఎక్కడా రాసి లేదు, భూతద్దం పెట్టి మరీ చదివాను. పుల్లను వేర్లతో సహా పెకలించి, చెత్తసంచిలో చుట్టి, కారు ముందు సీట్లో పెట్టుకుని తీసుకెళ్ళాను.

వాపసు కౌంటర్‌లో పెద్దావిడ రశీదు చూడనేలేదు. సంచి విప్పి, పుల్లను గోటితో కాస్త గీకింది. బెరడు కింద పచ్చగా ఉంది.

"ఇది బతికే ఉంది సార్. ఈ జాతి అన్నిటికంటే ఆలస్యంగా చిగురిస్తుంది. ఇంకో రెండు వారాలు ఆగి ఉంటే సరిపోయేది" అంది. తర్వాత సంచిలోని వేర్లను, నన్ను, మళ్ళీ వేర్లను చూసి, "మీరే పీకారా?" అని అడిగింది.

ఇంటికొచ్చి మళ్ళీ నాటాను. గొయ్యి ఎలాగూ తవ్వే ఉంది కదా, ఆ శ్రమ ఆదా.