‘టెన్షన్ పడకు’ గారికి ఒక రొయ్యల రైతు ఉత్తరం

‘టెన్షన్ పడకు’ గారికి,

ఆయ్, నమస్కారమండీ. మీరు మా ఇంటికి రావడం మొదలుపెట్టి మూడు నెలలైంది. బావతో వస్తారు, పెద్దమ్మ విభూది పొట్లంతో వస్తారు, ఆఖరికి పాలు పోసే కుర్రాడితో కూడా వస్తారు. ఇంటికొచ్చిన వాళ్ళని పొమ్మనే అలవాటు మా కోనసీమలో లేదు కాబట్టి ఇన్నాళ్ళూ ఊరుకున్నాను.

మాది రెండెకరాల రొయ్యల చెరువు. రాత్రి కరెంటు పోతే నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోతాయి, నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది, తెల్లారేసరికి సరుకంతా తేలిపోతుంది. ఆ భయంతో నిద్ర పట్టకపోతే దాన్నెవరూ జబ్బనరు, సాగు అంటారు. కానీ రొయ్యల పట్టుబడి అయిపోయి, డబ్బులు చేతికొచ్చి, చెరువు ఎండగట్టేశాక కూడా నేను రాత్రి మూడింటికి ఉలిక్కిపడి లేచేవాణ్ణి, ఏరియేటర్ల చప్పుడు వినబడట్లేదని. నెర్రెలిచ్చిన చెరువులో ఏరియేటర్ ఎందుకు తిరుగుతుందండీ!

గుండె అనుకుని కాకినాడ వెళ్ళాం. ఈసీజీ బాగుంది, ఎకో బాగుంది, థైరాయిడ్ బాగుంది. అన్నీ బాగున్నాయనేసరికి దడ ఇంకా పెరిగింది. అక్కణ్ణుంచి మానసిక వైద్యుడి దగ్గరికి పంపారు. ఆయన ఏడు ప్రశ్నల కాగితం చేతికిచ్చి, గడిచిన రెండు వారాల్లో ఏది ఎన్నాళ్ళు ఉందో టిక్కులు పెట్టమన్నారు. 21కి నాకు 17 వచ్చాయి. పదో తరగతి లెక్కల్లో కూడా అంత రాలేదు. 15 వచ్చినా తీవ్రం కిందే లెక్కట. ఆర్నెల్లు దాటింది కదాని, ఇంకా చాలా అడిగి, జనరలైజ్డ్ యాంగ్జైటీ డిజార్డర్, అంటే ప్రతిదానికీ అదుపు లేకుండా బెంగపడే జబ్బు అని తేల్చారు.

నా మొహం చూసి, మీది లంక ఊరే కదా, ధవళేశ్వరంలో గోదావరి వరదకి మూడో ప్రమాద హెచ్చరిక ఎప్పుడిస్తారని అడిగారు. 17.75 అడుగులకండీ అన్నాను. మొదటిది 11.75, రెండోది 13.75. మా పిల్లలకి ఎక్కాలు రాకపోయినా ఇవి వస్తాయి. “ఏట్లో మోకాలి లోతు నీళ్ళున్నాయి. మీ ఒంట్లో మాత్రం మూడో హెచ్చరిక మోగుతోంది. వరద అబద్ధమే గానీ మోత నిజమండీ” అన్నారు. ఏడాదిగా నేను చెప్పుకోలేకపోయిన మాట అది.

ఇప్పుడు మీ సంగతికొస్తాను. మూడో హెచ్చరిక వచ్చిన ఏడాది ఇదే బావ గేదెల్ని తోలుకుని అందరికన్నా ముందు ఏటిగట్టెక్కాడు. అప్పుడు మీరెక్కడున్నారండీ? 1986 వరద, 1996 నవంబరు తుఫాను చూసిన మా పెద్దమ్మ వాయుగుండం అన్న మాట వినబడగానే బియ్యం అటకెక్కించేస్తుంది. ఆవిడ దగ్గర మీరు నోరు మెదపరు. ఈదురుగాలిని చూస్తే మీకూ భయమే. నేనంటేనే లోకువ.

మా ఆవిడ మరీ తెలివైంది. ఎవరడిగినా “గ్యాస్ ట్రబులండీ” అని చెప్పేస్తోంది. కోనసీమలో గ్యాసుకి ఉన్న గౌరవం నరాలకి లేదు మరి. 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి రెండు నెలలకు పైగా మండినప్పుడు ఎవరైనా దగ్గరికెళ్ళి ‘టెన్షన్ పడకు’ అన్నారా? తెలిసినవాళ్ళని పిలిపించి ఆర్పించారు. నేనూ అదే చేశాను, అంతే.

మాత్ర మొదలెట్టిన వారం కడుపులో తిప్పింది. గుణం కనబడటానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుందని డాక్టరుగారు ముందే చెప్పారు. సరిగ్గా ఆ సందులోనే మీరు మీ తమ్ముడు ‘మాత్రలు మానెయ్’ గారిని వెంటబెట్టుకుని దిగారు. సొంతంగా ఆపకూడదండీ, తగ్గించాలన్నా ఆయనే మెల్లమెల్లగా తగ్గిస్తారు అంటే, బావ నన్ను జాలిగా చూశాడు.

కౌన్సెలింగ్‌లో ఇంకోటి చెప్పారు, బెంగకి రోజూ ఒక టైము పెట్టుకోమని. దాళ్వాకి, అంటే రెండో పంటకి నీళ్ళు చాలనప్పుడు కాలవకి వంతులు పెడతారే, అలాగన్నమాట. నా వంతు సాయంత్రం ఐదున్నర నుంచి పావుగంట. కాలవగట్టు మీద కూర్చుని రొయ్యల కౌంటు రేటు, పెద్దాడి ఫీజు, వైట్ స్పాట్ తెగులు అన్నీ వరసగా బెంగపడతాను. వంతు కాని టైములో వస్తే రేపు రమ్మంటాను. అన్నీ వినవు. కాలవ చూసుకునే లస్కరు కంటపడకుండా తూము ఎత్తేసే రైతులు లేరా ఏంటి.

మొన్న రాత్రి కరెంటు పోయింది. పక్క చెరువు కాపలా కుర్రాడు జనరేటరు స్టార్టవ్వట్లేదని ఏడుపు మొహంతో పరిగెత్తుకొచ్చాడు. టార్చి పట్టుకుని వెళ్తూ నేనేమన్నానో తెలుసాండీ? “టెన్షన్ పడకురా” అన్నాను! నా నోట్లోకి ఎప్పుడు దూరారండీ మీరు?

వాడు వినలేదు. డీజిల్ పోసి, నాలుగుసార్లు హ్యాండిల్ తిప్పి, ఏరియేటర్లు నురగ కక్కడం చూశాకే గట్టు మీద చతికిలబడ్డాడు. పక్కన నేనూ కూర్చున్నాను. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

ఇట్లు,
17 మార్కుల రైతు