వీడియో గేమ్ కార్మికుల తరఫున ఒక విన్నపం

వీడియో గేములు ఆడేవాళ్లు సోమరులనే అపవాదు మన సమాజంలో స్థిరపడిపోయింది. ఇంటి పెద్దలు, ఉపాధ్యాయులు, టీవీ చర్చల్లో కూర్చునే నిపుణులు, పెళ్లిసంబంధాలు కుదిర్చే పేరయ్యలు అందరిదీ ఒకే ఫిర్యాదు: కుర్రాడు పనీపాటా లేకుండా తెల్లవార్లూ ఆడుతుంటాడు. ఈ అభియోగంలో నిజమెంతో తేల్చే బాధ్యతను, ఎవరూ అప్పగించకపోయినా, నేను నెత్తికెత్తుకున్నాను. ఇటీవల కొన్ని పేరున్న గేములు కొని, శ్రద్ధగా ఆడి, నా పరిశీలనలను ఇక్కడ దాఖలు చేస్తున్నాను. సోమరితనం నాకు ఎక్కడా కనబడలేదు. ఆ మాటకొస్తే ఆట కూడా పెద్దగా కనబడలేదు. కనబడినదంతా చాకిరీ.

మొదట స్టార్‌డ్యూ వ్యాలీ. ఎరిక్ బరోన్ అనే అమెరికన్ యువకుడు, సియాటిల్‌లోని ఒక థియేటర్‌లో ప్రేక్షకులకు సీట్లు చూపించే ఉద్యోగం చేసుకుంటూ, నాలుగేళ్లకు పైగా ఒంటరిగా కూర్చుని దీన్ని తయారుచేశాడు. బొమ్మలు, సంగీతం, కథ, ప్రోగ్రాం అన్నీ ఆయనవే. 2016లో విడుదలైంది, నాలుగు కోట్లకు పైగా అమ్ముడుపోయింది. కథ చిన్నదే. జోజా అనే కంపెనీలో కంప్యూటర్ ముందు కూర్చుని కూర్చుని విసిగిపోయిన ఉద్యోగి, చనిపోయిన తాత ఇచ్చిపోయిన ఉత్తరం తెరిచి, ఆయన వదిలివెళ్లిన పొలం కోసం ఉద్యోగం మానేసి పల్లెకు పోతాడు. కంప్యూటర్ ముందు కూర్చోవడం భరించలేక పారిపోయినవాడి ఈ కథను మనం ఎక్కడ కూర్చుని ఆడతామో వేరే చెప్పనక్కర్లేదు.

పల్లెకు చేరగానే పనివేళలు మొదలవుతాయి. పొద్దున ఆరింటికి నిద్ర లేవాలి. రాళ్లు ఏరాలి, మోడులు కొట్టాలి, కలుపు తీయాలి, దున్నాలి, విత్తాలి, ప్రతి మొక్కకూ విడివిడిగా నీళ్లు పోయాలి. ఊరి పెద్ద కానుకగా ఇచ్చిన పదిహేను పార్స్‌నిప్ గింజలతో వ్యవసాయం ఆరంభం. పార్స్‌నిప్ అంటే క్యారెట్‌కు దగ్గరి చుట్టం. గేములోని సొమ్ములో గింజ ఖరీదు 20, దుంప ఖరీదు 35. రాత్రి రెండు గంటల దాకా ఇంటికి చేరకపోతే ఉన్నచోటే కుప్పకూలిపోతాం. మోసుకొచ్చి పడుకోబెట్టినందుకు మన సొమ్ములోంచి కొంత పట్టుకుంటారు కూడా. ఆరు నుంచి రెండు వరకు అంటే ఇరవై గంటల పనిదినం. మన కార్పొరేట్ పెద్దలు వారానికి ఎన్ని గంటలు పని చేయాలన్న విషయమై సభల్లో గొంతు చించుకుంటున్నారు గానీ, పార్స్‌నిప్ దుంప ఆశ చూపి ఇరవై గంటలు చేయించవచ్చన్న ఆలోచన ఒక్కరికైనా వచ్చిందా?

ఈ గేములో నాకు అన్నిటికన్నా ఉన్నతంగా తోచిన ఘట్టం మూడో ఏడాది మొదటి రోజున వస్తుంది. చనిపోయిన తాతగారి ఆత్మ ప్రత్యక్షమై రెండేళ్ల పనితీరును మదింపు చేస్తుంది. ఎంత సంపాదించావు, పెళ్లి చేసుకున్నావా, ఇల్లు పెద్దది చేశావా, ఊళ్లో ఎందరితో సఖ్యంగా ఉన్నావు, అన్నీ లెక్కలోకి వస్తాయి. ఫలితాన్ని సమాధి దగ్గర కొవ్వొత్తులు వెలిగించి ప్రకటిస్తారు. నాలుగు వెలిగితే ఉత్తమం, ఒకటి వెలిగితే మీ ముఖం చూసుకోవాల్సిందే. ఫలితం నచ్చకపోతే పునఃపరిశీలనకు అవకాశం ఉంది. అందుకు ఒక వజ్రం సమర్పించుకోవాలి. ఏ తెలుగు కుటుంబాన్ని దగ్గరగా చూసి బరోన్ దీన్ని రాశాడో నాకు తెలియదు గానీ, పెళ్లి గురించీ ఇంటి గురించీ చనిపోయాక కూడా అడిగే తాతను ఇంత సహజంగా చిత్రించడం సామాన్యమైన ప్రతిభ కాదు.

చేతి సాగు చాలనుకునేవారికి స్టార్‌డ్యూ సరిపోతుంది. ట్రాక్టర్లు కావాలనుకునేవారి కోసం స్విట్జర్లాండ్‌లోని జెయింట్స్ సాఫ్ట్‌వేర్ సంస్థ 2008 నుంచి ఫార్మింగ్ సిమ్యులేటర్ గేములు తయారుచేస్తోంది. 2024 నవంబరులో వచ్చిన ఫార్మింగ్ సిమ్యులేటర్ 25లో మొదటిసారిగా వరి సాగు ప్రవేశపెట్టారు. గేదెలను కూడా పెట్టారు. ఈ వార్త చదివి నా గుండె ఉప్పొంగింది. కాలువ కింద మూడెకరాలు కౌలుకిచ్చేసి హైదరాబాదుకో, బెంగళూరుకో, డల్లాస్‌కో తరలిపోయిన మన పిల్లలు ఇక స్విట్జర్లాండ్ వారి దయవల్ల మళ్లీ మడిలో నీళ్లు పెట్టి, నారు నాటి, కోత యంత్రం నడుపుతారు. దీనికోసం ప్రత్యేకంగా స్టీరింగు, పెడల్సు అమ్ముతున్నారు. వాటి ధర విన్న ఒక కౌలు రైతు ఆ డబ్బుతో ఎన్ని యూరియా బస్తాలు వస్తాయో నోటిలెక్క వేయసాగాడు. నేను మాట మార్చేశాను.

ఈ సాగులో తేడా అంతా అమ్మకం దగ్గరే ఉంది. ధాన్యాన్ని ట్రాలీలో పోసుకుని కొనుగోలు కేంద్రానికి వెళ్లి గుమ్మరించగానే డబ్బు ఖాతాలో పడుతుంది. ధాన్యం కారుతుండగానే అంకె పెరుగుతూ కనబడుతుంది. తేమ 17 శాతం దాటిందేమోనని యంత్రం పెట్టి చూసేవాడు లేడు. గోనె సంచులు రాలేదని చెప్పేవాడు లేడు. తరుగు పేరుతో బస్తాకు కిలోలు కోసే మిల్లరు లేడు. కల్లంలో ధాన్యం మీద పట్టా కప్పుకుని, మబ్బుల వంక చూస్తూ పడుకునే సన్నివేశాన్ని గేములో ఎక్కడా పెట్టలేదు. వడగళ్లు, సుడిగాలులు ఉన్నమాట నిజమే; నష్టం వద్దనుకున్నవారు సెట్టింగుల్లో ఆ సదుపాయాన్ని ఆపుకోవచ్చు. బాపట్ల రైతుకు ఈ మీట ఎక్కడుందో చూపించే అధికారి ఇంకా నియమితుడు కాలేదు. వాస్తవికతకు పేరుపడిన గేము అని ప్రచారం చేసుకుంటూ ఇంతటి కట్టుకథ అల్లడం నాకు నచ్చలేదు. ట్రాక్టరు టైరు మీది బురదను చూపించినంత శ్రద్ధగా దళారీని కూడా చూపించి ఉండాల్సింది.

అయినా ఈ రైతులకు దక్కుతున్న గౌరవం చూడండి. 2019లో అప్పటి ఫార్మింగ్ సిమ్యులేటర్‌కు యూరప్‌లో లీగు పోటీలు మొదలుపెట్టి, మొత్తం 2,50,000 యూరోల బహుమతులు ప్రకటించారు. జట్టుకు ముగ్గురు. గడ్డి మోపులు కట్టి కొట్టంలోకి చేర్చడంలో పందెం. గడ్డి మోపులు మోసినందుకు చప్పట్లు కొట్టే జనాన్ని మా తాత ఎన్నడూ చూడలేదు.

పవర్‌వాష్ సిమ్యులేటర్ గురించి ఎక్కువ చెప్పను. 2022లో పూర్తి రూపంలో వచ్చిన ఈ బ్రిటిష్ గేములో పని ఒక్కటే, కడగడం. వ్యాను, ఆటస్థలం, ఇల్లు, ఏది ఇస్తే దాన్ని నీటి ధారతో కడగాలి. ఒక్కో భాగం శుభ్రం కాగానే టింగుమని గంట మోగుతుంది, ఎంత శాతం శుభ్రమైందో తెర మీద కనబడుతుంది. దీన్ని ఆడినవారి మనసు తేలికపడుతోందా అని ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు పరిశీలించి, కాస్త తేలికపడుతోందనే తేల్చారు. మన పట్టణాల్లో కూడా పారిశుద్ధ్య శాతాలు ఉంటాయి, ర్యాంకులూ ఉంటాయి. కాకపోతే ఇక్కడ ముందు ర్యాంకు వస్తుంది, తర్వాత బోర్డు పెడతారు. కడగడం అన్నది తీరిక దొరికినప్పటి మాట.

అప్పుల విషయానికి వద్దాం. 2020 మార్చిలో ప్రపంచమంతా తలుపులు వేసుకున్న రోజుల్లో నింటెండో వారి యానిమల్ క్రాసింగ్ కొత్త గేము వచ్చింది. నిర్మానుష్యమైన దీవి, చల్లటి గాలి, చెట్ల నిండా పండ్లు. అక్కడ అడుగుపెట్టగానే మాట్లాడే జంతువైన టామ్ నుక్ అనే వ్యాపారి ఎదురొచ్చి మన చేతిలో పెట్టేది బిల్లు. అది తీర్చగానే ఇల్లు కట్టుకోమని 98,000 బెల్స్ (అక్కడి డబ్బు) అప్పు. అది తీర్చగానే గది పెంచుకోమని ఇంకా పెద్ద అప్పు. లక్షలాది జనం సెలవు కాలమంతా చేపలు పట్టి, పండ్లు కోసి ఈ గృహరుణం కట్టారు. వారిలో చాలామందికి నిజమైన గృహరుణం కూడా ఉంది. ఈ వ్యాపారిని దోపిడీదారుడని కొందరు విమర్శిస్తారు. నేను అంగీకరించను. వడ్డీ లేదు, గడువు లేదు, ఆలస్యమైతే ఊరందరి ఫోన్లకూ మన పరువు పంపే వసూలు మనిషి లేడు. మా వీధి చివరి ఫైనాన్స్ దుకాణంలో ఇలాంటి జంతువు ఒక్కటున్నా చాలు. అయితే పొదుపు ఖాతాదారులకు మాత్రం న్యాయం జరగలేదు. అదే ఏడాది ఏప్రిల్‌లో గేములోని బ్యాంకు వడ్డీని అమాంతం కోసేశారు. ఆ సంగతి ఫైనాన్షియల్ టైమ్స్ పత్రిక దాకా వెళ్లింది. ఊహాలోకంలో కూడా డిపాజిట్ మీద వడ్డీ తగ్గుతుందని తెలిశాక విశ్రాంత ఉద్యోగులు ఇక ఏ లోకానికి పోవాలి?

ఈ మొత్తం పరిశ్రమకు మూలపురుషుడనదగిన గేము ఒకటుంది. దాని పేరు డెజర్ట్ బస్. హింసాత్మకమైన గేములు పిల్లలను పాడుచేస్తున్నాయని అమెరికాలో పెద్దలు ఆందోళన పడుతున్న కాలంలో, పెన్, టెల్లర్ అనే ఇద్దరు ఇంద్రజాలికులు వారిని ఎగతాళి చేస్తూ ఒక గేముల సంపుటి తయారుచేయించారు. 1995లో రావలసిన ఆ సంపుటి విడుదలకు నోచుకోలేదు. అందులోనిదే ఈ బస్సు. టూసాన్ నుంచి లాస్ వెగాస్ వరకు ఖాళీ బస్సును నడపాలి. వేగం గంటకు 45 మైళ్లు దాటదు. ప్రయాణం ఎనిమిది గంటలు, నిజమైన ఎనిమిది గంటలు. మధ్యలో ఆపి దాచుకోవడం కుదరదు. బస్సు కాస్త కుడివైపు లాగుతుంటుంది కాబట్టి మీట మీద బరువు పెట్టి కునుకు తీయడమూ కుదరదు. దారి తప్పితే లాగుడు బండి వచ్చి బయలుదేరిన చోటికే తీసుకుపోతుంది, అది కూడా అదే తీరికతో. గమ్యం చేరినవారికి ఒక పాయింటు. ఇష్టమైతే వెనక్కి నడిపి రెండో పాయింటు సంపాదించుకోవచ్చు. ఎనిమిది గంటల పనిదినం కోసం 1886లో చికాగో కార్మికులు ప్రాణాలు ఇచ్చారు. ఆ ఎనిమిది గంటలు పూర్తయ్యాక మనిషి ఎనిమిది గంటలు బస్సు నడుపుకుంటాడని వారు ఊహించి ఉండరు.

నవ్వించడానికి కట్టిన ఆ బస్సే తర్వాతి వాళ్లకు వ్యాపార నమూనా అయింది. ఇండోనేషియా వారు 2017లో బస్సు గేము ఒకటి విడుదల చేస్తే, మనవాళ్లు దానికి ఆర్టీసీ పల్లెవెలుగు రంగులు పూసి, ఎవరూ జీతమివ్వని డ్యూటీ ఎక్కారు. ఓవర్‌టైం భత్యం లేదు, బకాయిల కోసం ధర్నా లేదు.

ప్రభుత్వాలు ఈ శ్రామిక వర్గాన్ని గుర్తించాయా అని చట్టాలు వెతికాను. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ మీద చట్టం చేసింది. డబ్బు పెట్టి ఆడే ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను ప్రోత్సహిస్తామంది. ఒళ్లు వంచి ఆడే ఆటల ఊసు అందులో లేదు. 2020 నాటి సామాజిక భద్రతా కోడ్ గిగ్ కార్మికుడెవరో నిర్వచించింది. పార్స్‌నిప్ కూలీని మరిచిపోయింది. కాబట్టి కార్మిక శాఖ వారికి నా విన్నపం: ఈ పిల్లలకు గుర్తింపు కార్డులివ్వండి. పొలంలో కుప్పకూలినవాడికి ఈఎస్ఐ వర్తింపజేయండి. రోజూ తెరవకపోతే బహుమతి పోతుందని బెదిరించే గేములను హాజరు పట్టీ ఉన్న కర్మాగారాలుగా నమోదు చేయండి.

కార్మిక సంఘం పెట్టుకోమని నేను చెప్పేలోపే ఈ ఆటగాళ్లు కంపెనీలు పెట్టుకున్నారు. యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 సంగతే చూడండి. ప్రాగ్ నగరంలో తయారై 2012లో వచ్చిన ఈ గేములో సరుకు ఎక్కించుకుని యూరప్ అంతా లారీ నడపాలి. ఎర్రదీపం దాటితే జరిమానా, ఆలస్యమైతే కోత, నిద్ర ఆపుకుంటే కళ్లు మూతలు పడతాయి, సొంత లారీకి బ్యాంకు అప్పు. ఇంతవరకు బాగానే ఉంది. కొందరు ఔత్సాహికులు ట్రక్కర్స్ ఎంపీ పేరుతో వేలమంది ఒకే రోడ్డు మీద నడిపే ఏర్పాటు చేశారు. అందులో ఫ్రాన్స్‌లోని కాలే నగరం నుంచి జర్మనీలోని డ్యూయిస్‌బర్గ్ వెళ్లే దారి ట్రాఫిక్ జాములకు ప్రసిద్ధి. తక్కిన యూరప్ అంతా ఖాళీగా ఉన్నా జనం పనిగట్టుకుని అక్కడికే వెళ్లి ఇరుక్కుంటారు. గచ్చిబౌలి కూడలిలో గంటసేపు హారన్లు విని ఇల్లు చేరినవాడు, కాళ్లు కడుక్కుని, అన్నం తిని, జర్మనీ పొలిమేరలో మరో గంట ఇరుక్కుంటాడు. తేడా అల్లా, అక్కడ లారీ సొంతం.

ఈ డ్రైవర్లు కలిసి నడిపే కాల్పనిక రవాణా కంపెనీలు చాలానే ఉన్నాయి. చేరడానికి దరఖాస్తు పెట్టుకోవాలి. సిబ్బంది వ్యవహారాలు చూసే అధికారులు ఉంటారు, యూనిఫాం రంగు వేసిన లారీలు ఉంటాయి, కొన్నిచోట్ల నెలకు ఇన్ని కిలోమీటర్లు నడిపి తీరాలన్న నిబంధన ఉంటుంది. జీతం ఒక్కటి తప్ప ఉద్యోగానికి కావలసిన లక్షణాలన్నీ ఉన్నాయి. నడపలేని వారాల్లో ముందుగా సెలవు కోరాలి. మాకు తెలిసిన కుర్రాడొకడు, హైటెక్ సిటీలో పగటి ఉద్యోగి, అలాంటి కంపెనీలో రాత్రి డ్రైవరు. ఆఫీసులో పని ఒత్తిడి పెరగడంతో లారీ కంపెనీకి వారం సెలవు కావాలని వినయంగా రాశాడు. పోర్చుగల్‌లో ఎక్కడో ఉన్న మేనేజరు, ఆయనా జీతం లేనివాడే, పది నిమిషాల్లో సెలవు మంజూరు చేసి, ఆరోగ్యం జాగ్రత్త అని కూడా రాశాడు. చెల్లెలి పెళ్లికని అదే కుర్రాడు ఆఫీసులో పెట్టుకున్న రెండు రోజుల సెలవు ఇంకా పరిశీలనలో ఉంది.