మొగి విత్తనం ఫ్రీజర్‌లో బతకదు

పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ జీన్ బ్యాంకులో (విత్తనాల నిధిలో) జొన్న, కంది, శనగ, వేరుశనగ విత్తనాలను బాగా ఆరబెట్టి, మైనస్ 20 డిగ్రీల చలిలో ఏళ్ల తరబడి దాస్తారు. పంట గింజలకు ఆ పద్ధతికి తిరుగులేదు. మొగికి మాత్రం అది పనికిరాదు.

మొగి మన నేరేడుకు దగ్గరి చుట్టం. శాస్త్రీయ నామం సిజీజియం ఆల్టర్నిఫోలియం. శేషాచలం మొదలు నల్లమల వరకు, తూర్పు కనుమల దక్షిణ భాగమే దీని పుట్టిల్లు. అంతరించే ముప్పున్న జాతుల్లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఐయూసీఎన్ దీన్ని చేర్చింది. నేరేడు జాతి విత్తనాలు పచ్చిగా, నీటితో నిండి ఉంటాయి. ఆరబెడితే లోపలి పిండం చస్తుంది. ఆరబెట్టకుండా గడ్డకట్టిస్తే లోపలి నీరు మంచుగా మారి కణాలను చీల్చేస్తుంది. పిండాన్ని వేరుచేసి ద్రవ నైట్రోజన్‌లో దాచే విధానం ఉన్నా, ఒక్కో జాతికి దాన్ని విడిగా కుదుర్చుకోవాలి. కాబట్టి కొండ బయట మొగిని కాపాడాలంటే ముందుగా కావాల్సింది బతికున్న మొక్కలే. ఆ మొక్కలు పెంచే చోటు, చేతులు హైదరాబాద్‌లో ఉన్నాయి. రాజేంద్రనగర్‌లో జాతీయ మొక్కల జన్యు వనరుల సంస్థ కేంద్రం ఉంది, కొండాపూర్ దగ్గర బొటానికల్ గార్డెన్ ఉంది.

మొక్కలు నాటే కార్యక్రమాలు మనకు కొత్త కాదు. తెలంగాణలో హరితహారం 2015లో మొదలైంది. కానీ ఒకే చెట్టు కింద ఏరిన గింజలతో వెయ్యి మొక్కలు పెంచితే అవన్నీ ఒకతల్లి పిల్లలే. లెక్కకు వెయ్యి, జన్యు వైవిధ్యానికి ఒక్క కుటుంబం. కనీసం 30 తల్లిచెట్ల నుంచి, ఒక్కో చెట్టు పండ్లలో పదో వంతుకు మించకుండా తీసుకోవాలి. ప్రతి మొక్కకూ తల్లిచెట్టు నంబరు, కొండ పేరు, తేదీ రాసిన బిళ్ల కట్టాలి. బిళ్ల పోయిన మొక్క నీడనివ్వడానికి పనికొస్తుందేమో గానీ సంరక్షణకు పనికిరాదు. శేషాచలంలో శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కు ఉంది కాబట్టి అటవీశాఖ రాతపూర్వక అనుమతి లేకుండా ఒక్క కాయ కూడా కోయకూడదు.

అసలు నష్టం ఎక్కువగా ప్రయాణంలోనే జరుగుతుంది. పండ్లను మూతికట్టిన ప్లాస్టిక్ కవర్లో పోసి బస్సెక్కిస్తే గుజ్జు పులిసి వేడెక్కుతుంది, విత్తనం కుళ్లుతుంది. కోసిన రోజే గుజ్జు కడిగేసి, పైతడి ఆరేవరకు మాత్రమే నీడలో ఉంచి, కాస్త తడి కొబ్బరిపొట్టులో కలిపి గాలాడే గుడ్డసంచిలో తేవాలి. ఎండ తగలనివ్వకూడదు, ఫ్రిజ్‌లో పెట్టకూడదు. రెండు మూడు రోజుల్లో విత్తేయాలి.

రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు కలిపి, అడుగు ఎత్తున్న సంచుల్లో నింపి, సెంటీమీటరు లోతులో గింజ పెట్టాలి. పైన సగం ఎండను ఆపే షేడ్‌నెట్ ఉండాలి. పొట్టి సంచుల్లో తల్లివేరు అడుగున చుట్టుకుపోతుంది. అలాంటి మొక్క నర్సరీలో నిగనిగలాడుతుంది, నేలలో పెట్టాక మాత్రం ఎదుగూబొదుగూ ఉండదు. నగరంలో నల్లరేగడి ఉన్నచోట నీరు నిలుస్తుంది. మొగి రాళ్ల కొండల మొక్క, నీరు వెంటనే జారిపోయే మొరం నేల దానికి మేలు.

నర్సరీలో మొగి మొక్క కొనేముందు ఆకులు చూడండి. మామూలు నేరేడుకు ఆకులు కణుపుకు రెండేసి, ఎదురెదురుగా వస్తాయి. మొగికి ఎక్కువగా ఒకటి ఇటు, ఒకటి అటు మార్చి మార్చి వస్తాయి, వెడల్పుగా ఉంటాయి. దాని శాస్త్రీయ నామానికి కారణం ఈ అమరికే. నిర్ధారణకు పువ్వు కావాలంటే చాలా ఏళ్లు ఆగాలి, ఈలోగా పొరపాటు మొక్కకు మొగి బిళ్లే వేలాడుతుంది. అందుకే నర్సరీ వాళ్లు తల్లిచెట్టు వివరాలు చూపించలేకపోతే ఆ మొక్కను సేకరణలో చేర్చుకోకూడదు.