మంద వెనక నడిచిన మనిషి

దేవరకొండ వైపు ఒక పల్లెలో ఈ వారం ఒక పెద్దాయన కన్నుమూశారు. ఊహ తెలిసిన నాటి నుంచి గొర్లు కాసిన మనిషి. పేరు అచ్చు వేయొద్దని ఇంటివాళ్లు అడిగారు, అందుకే వేయడం లేదు. చివరిచూపుకు చుట్టుపక్కల తండాలవాళ్లు వచ్చారంటే అర్థముంది. హాలియా, మిర్యాలగూడ వైపు నుంచి వరి రైతులు కూడా బస్సెక్కి వచ్చారు. మెట్ట ఊరి గొర్ల కాపరి పోతే కాలువ కింది రైతు పని మానుకుని ఎందుకు వచ్చాడన్నది చెప్పుకోదగ్గ సంగతి.

చిన్నతనంలోనే ఆయన ఒక పెద్ద మందకు జీతగాడిగా కుదిరారు. జీతం డబ్బు రూపంలో కాదు, ఏడాదికి ఇన్ని గొర్రెపిల్లలని మాట. ఆ పిల్లలే పెరిగి, ఈని, సొంత మంద అయ్యాయి. కరువు ఏళ్లలో కూడా పొట్టేళ్లనే అమ్మారు తప్ప ఈనే గొర్రెను కోతకు పంపలేదు. మంద నిలవడానికి ఆ ఒక్క పట్టుదలే కారణమని తోటి కాపరులు అంటారు. మేమైతే ఇంకో కారణం కూడా చెబుతాం. ఆయన జీవాలను తోలుకుని గుట్టకు పోతే, దొడ్లో మిగిలిన గొర్రెపిల్లలకు తుమ్మకాయ, ఆకు తెచ్చి వేసి, తల్లి చనిపోయిన వాటికి సీసాతో పాలు పట్టి, ఎవరికెంత ఇచ్చిందీ ఎవరు ఎంత బాకీ ఉన్నదీ నోటి లెక్కగా పెట్టుకున్నది ఆయన భార్య. వలస వెళ్లిన నెలల్లో ఇల్లు, పిల్లల చదువు, ముసలివాళ్ల మందులు అన్నీ ఆమె మీదే. కష్టపడి పైకొచ్చిన మగవాళ్ల గురించి రాసేటప్పుడు ఈ సగం తరచూ జారిపోతుంది.

దేవరకొండ, అచ్చంపేట, కల్వకుర్తి వైపు మెట్ట ఊళ్లలో ఎండాకాలం గడ్డి ఉండదు, కుంటలు ఎండిపోతాయి. అందుకే కోతలు కాగానే మందలు సాగర్ ఎడమ కాలువ ఆయకట్టుకు దిగుతాయి. పగలు కోసిన మళ్లలో మేత, రాత్రి రైతు పొలంలో మంద. పెంట, మూత్రం నేరుగా పొలంలో పడతాయి కాబట్టి రైతు రాత్రికి ఇంతని వడ్లో డబ్బో ఇస్తాడు. ఇచ్చే దాని కోసం కాపరులు బేరాలాడతారు, ఆడాలి కూడా. ఈయన మాత్రం కౌలు రైతుల దగ్గర బేరమాడేవారు కాదు. ముందటి పంట దెబ్బతిన్న పొలంలో మంద పెట్టి, పైసలు మాత్రం వచ్చే పంట చేతికొచ్చాకే ఇమ్మనేవారట. కొందరు ఇచ్చారు, కొందరు ఇవ్వలేదు. ఇవ్వనివాళ్ల పొలంలో కూడా మరుసటేడు మంద పెట్టారు. ఆ రైతులే ఈ వారం బస్సెక్కి వచ్చింది.

ఊళ్లో జీవాలను పాలుకు ఇచ్చే పద్ధతి కూడా ఉంది. గొర్రె ఒకరిది, మేపేది ఇంకొకరు, పుట్టిన పిల్లలు చెరి సగం. భర్త పోయిన ఆడవాళ్లకు, పని దొరకని కుటుంబాలకు ఆయన ఇలా గొర్రెలిచ్చేవారు. ఆ ఇంట్లో పెళ్లో, ఆసుపత్రి ఖర్చో వస్తే తన సగం అడిగేవారు కాదు. ఒకసారి వానాకాలం మొదట్లో పిడుగు పడి, చెట్టు కింద నిలబడ్డ పక్క ఊరి కాపరి మంద దాదాపు మొత్తం పోయింది. పరిహారం ఫైలు కదిలేలోపే ఈయన ఊరూరా తిరిగారు. ముందు తన దొడ్డిలోంచి ఒక ఈనే గొర్రెను తీసి, తరవాత ప్రతి కాపరి దగ్గరా ఒక్కోటి అడిగారు. ఆ మంద మళ్లీ లేచింది. ఇప్పుడది ఈయన మంద కన్నా పెద్దదట. సాయం చేసినప్పుడల్లా ఫ్లెక్సీ కట్టే కాలంలో ఇది ఎక్కడా ఫొటోగా లేదు.

ఆయన మొండి మనిషి కూడా. టీకా వేయించడానికి చాలా ఏళ్లు ఒప్పుకోలేదని, ఒక ఏడు తొలకరి లేత గడ్డికి చిటుక రోగం వచ్చి పిల్లలు వరసగా పడిపోయాక గానీ మారలేదని కొడుకే చెప్పాడు. మారిన తరవాత మాత్రం వానలకు ముందే టీకా వేయించమని అందరి వెంటా పడేవారు. వానలు మొహం చాటేసిన ఏట వాడిపోయిన లేత జొన్న చేలో మంద పడితే నిమిషాల్లో జీవాలు కూలతాయని, ఆ గట్టు దరిదాపులకు కూడా పోనిచ్చేవారు కాదు. పశువైద్య పుస్తకంలో ఉన్న ఆ సంగతిని ఆయన చిన్నప్పుడే తను కాసిన మంద దగ్గర నేర్చుకున్నారు. కూతుళ్లను మాత్రం చదివించారు. ఒకామె నర్సు. పెద్ద కొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగం చూసుకున్నాడు, అది ఆయన కోరుకున్నదే. కోరుకున్నది జరిగాక లోపల కొంచెం బాధ పడ్డారని ఇంటివాళ్లే చెబుతారు. రెండేళ్లకోసారి దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరకు పోవడం, అక్కడ లింగమంతుల స్వామి మొక్కుతో పాటు నాలుగు జిల్లాల కాపరులను కలిసి పిల్లల సంబంధాల నుంచి మేత దారుల దాకా మాట్లాడుకు రావడం ఆయనకున్న సెలవు.

ఇలాంటి మనుషులు రాష్ట్రానికి ఏమిచ్చారో లెక్కల్లో కనిపిస్తుంది. 2019 పశుగణన ప్రకారం తెలంగాణలో గొర్రెలు 1.9 కోట్లకు పైగా ఉన్నాయి, దేశంలోనే మొదటి స్థానం. 2017లో మొదలైన గొర్రెల పంపిణీలో 20 ఆడ గొర్రెలు, ఒక పొట్టేలు కలిపి ఒక యూనిట్. మొదట్లో ధర 1.25 లక్షల రూపాయలు, అందులో 75 శాతం సబ్సిడీ. పథకంలో అక్రమాల ఆరోపణలు తరవాత ఏసీబీ, ఈడీ దర్యాప్తుల దాకా వెళ్లాయి. దోషులెవరో కోర్టులు తేల్చాలి. వాటా సొమ్ముకు డీడీలు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసిన కాపరుల సంగతి మాత్రం కోర్టుల దాకా ఆగాల్సింది కాదు. పెద్దాయన కూడా వాళ్లలో ఒకరు.

జీవాలను ఇవ్వడం సులువు, వాటికి మేత చూపించడమే కష్టం. ఊరి ఉమ్మడి మేత భూములైన బంచరాయిలు వెంచర్లకూ కంచెలకూ పోయాయి. ఆయకట్టులో మిషన్‌తో కోసిన వెంటనే కొయ్యకాళ్లకు నిప్పు పెడుతున్నారు, మంద చేరేసరికి మసి మిగులుతోంది. రోడ్లు వెడల్పయ్యాయి, వాటిని దాటే చోటు లేదు. తెల్లవారుజామున లారీ కింద మంద నలిగిన వార్త ఏటా ఎక్కడో ఒకచోట వస్తూనే ఉంది. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్యశాల వస్తుంది, మంచి సేవే. కానీ ఈ రాత్రి ఒక రైతు పొలంలో, రేపు ఇంకో మండలంలో ఉండే కాపరి తానెక్కడున్నాడో చెప్పడానికే తడుముకుంటాడు.

2024 అక్టోబర్‌లో మొదలైన 21వ పశుగణనలో సంచార కాపరులనూ వారి జీవాలనూ మొదటిసారి విడిగా లెక్కించాలని కేంద్రం నిర్ణయించింది. 2026ను గడ్డి భూముల, పశుకాపరుల అంతర్జాతీయ సంవత్సరంగా ఐక్యరాజ్యసమితి ప్రకటించింది. ఇంతవరకు గొర్రెను లెక్కపెట్టి మనిషిని వదిలేసిన ప్రభుత్వాలకు ఇవి రెండు మంచి అవకాశాలు. కాపరికి ఏ జిల్లాలోనైనా చెల్లే గుర్తింపు కార్డు ఇవ్వవచ్చు. వలస దారుల్లో నీటి తొట్లు కట్టడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. కొయ్యకాళ్లు కాల్చకుండా మందకు వదిలే రైతుకు ఏదో ఒక ప్రోత్సాహం ఇస్తే కాపరికి మేత, పొలానికి ఎరువు రెండూ దక్కుతాయి. మిగిలిన బంచరాయి భూములను సర్వే చేసి హద్దురాళ్లు పాతడం రెవెన్యూ శాఖ ఎప్పుడో చేయాల్సిన పని.

మంద ఇప్పుడు చిన్న కొడుకు చేతిలో ఉంది. యాసంగి కోతలు కాగానే తండ్రి పోయిన దారినే హాలియా వైపు దిగుతానంటున్నాడు. అతనితో పాటు ఈ మెట్ట ఊళ్ల నుంచి చాలా మందలు కదులుతాయి. ఆయకట్టు మండలాల్లో టీకాలు, నట్టల మందు ఎక్కడ, ఏ తేదీల్లో ఇస్తారో పశుసంవర్ధక శాఖ ముందుగానే ప్రకటించి, ఆ జాబితాను దేవరకొండ, అచ్చంపేట వైపు పంచాయతీల్లో అంటించాలి. కోతలు మొదలయ్యాక అంటిస్తే చదివేవాళ్లు అప్పటికి ఊళ్లో ఉండరు.