క్షమాపణకు షరతులు పెట్టకండి

"నీ పశ్చాత్తాపం ఇంకా చాల్లేదమ్మా, అందుకే దేవుడు వినడం లేదు." తిరుపతిలో కొన్ని ప్రార్థన కూటాల్లో ఈ మాట వింటుంటే నాకు ఒళ్లు మండుతోంది. మార్టిన్ లూథర్ బోధను అనుసరించే లూథరన్ క్రైస్తవుల ఇంట్లో పుట్టి పెరిగినవాణ్ణి, దీని మీద నోరు మూసుకుని ఉండలేను.

మారుమనస్సు అక్కర్లేదని ఎవరన్నారు? 1517లో, జర్మనీలో సన్యాసిగా ఉన్న లూథర్ పాపక్షమాపణ పత్రాల అమ్మకాన్ని తప్పుబడుతూ రాసిన 95 వాదాల్లో మొట్టమొదటిదే అది. విశ్వాసి బతుకంతా పశ్చాత్తాపమే కావాలన్నది క్రీస్తు ఉద్దేశం అంటాడు. కానీ 36వ వాదం కూడా చదవండి. నిజంగా పశ్చాత్తాపపడిన ఏ క్రైస్తవుడికైనా పాపక్షమాపణ పత్రాలు లేకుండానే పూర్తి క్షమాపణ ఉంది. అప్పట్లో టెట్జెల్ అనే క్యాథలిక్ బోధకుడు డబ్బు తీసుకుని పత్రాలు ఇచ్చేవాడు. ఇప్పుడు పత్రం కూడా లేదు, కానుక కవరు మాత్రం ఉంది.

మా కొర్లగుంటలో ఒక అక్క ఉంది. షుగర్ మనిషి. మనవడికి ఫిట్స్ తగ్గాలని ఉపవాసాలు పట్టింది, కమ్మలు తాకట్టు పెట్టి కవరు నింపింది. పిల్లాడికి మళ్లీ ఫిట్స్ వచ్చేసరికి "నీలో ఏదో దాచిన పాపం ఉంది" అన్నారట. నేను వెళ్లేసరికి చిన్నప్పటి తప్పులన్నీ నోటుబుక్కులో రాసుకుంటూ కూర్చుంది. చిక్కీ కోసం అమ్మ కొంగులోంచి చిల్లర తీసింది కూడా రాసింది. "ఇంకేం మర్చిపోయానో తెలీడం లేదు తమ్ముడూ" అని ఏడ్చింది.

మఠంలో ఉన్నప్పుడు లూథర్ పడ్డ నరకం ఇదే. అందుకే లూథరన్ల మూల విశ్వాస ప్రకటన అయిన 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణం 11వ అధికరణలో, పాపాలన్నీ లెక్కపెట్టి చెప్పనవసరం లేదని తేల్చేశారు. "తన పొరపాటులు కనుగొనగలవాడెవడు?" అన్న కీర్తననే ఆధారం చూపించారు. ఆ తర్వాతి అధికరణలో పశ్చాత్తాపానికి రెండే భాగాలు: పాపం తెలిసి గుండె అదరడం, క్రీస్తు నిమిత్తం క్షమాపణ దొరికిందని నమ్మడం. ఈ కూటాల్లో మొదటిది మాత్రమే చెప్పి, రెండోది ఎగ్గొడుతున్నారు. భయపెట్టి అక్కడే వదిలేస్తే మనిషి ఏమైపోవాలి?

1865లో హెర్మన్స్‌బర్గ్ మిషనరీలు జర్మనీ నుంచి మన వైపు వచ్చి మొదలుపెట్టిన పనిలోంచే, తిరుపతి కేంద్రంగా ఉన్న మా సౌత్ ఆంధ్రా లూథరన్ సంఘం పుట్టింది. మా ఆరాధనలో ముందు ఒప్పుకోలు, వెంటనే క్షమాపణ ప్రకటన. ఆ రెండింటి మధ్య కానుక పళ్లెం రాదు. సిలువ మీద ఆయన "సమాప్తమైనది" అన్నాక, మిగిలిన బాకీ ఏదని వసూలు చేస్తారు?

"ఇలా చెబితే జనం విచ్చలవిడిగా పాపం చేస్తారు" అంటారు కొందరు. క్షమాపణ దొరికిందని నమ్మినవాడిలో మంచి పనులు ఫలాల్లా వస్తాయని అదే 12వ అధికరణ చెబుతోంది.

బోధకులారా, పాపాన్ని గట్టిగా ఖండించండి, కాదనను. కానీ ఏడుస్తూ వచ్చిన మనిషిని ఇంకో వారం ఉపవాసం ఉండమని పంపకండి. "క్రీస్తు నిమిత్తం నీ పాపాలు క్షమించబడ్డాయి" అని అక్కడికక్కడే చెప్పి పంపండి.